ఎనభై గుర్రాలుండాయంట, యాడ పోయినాయొదినా?

ఏమొదినా, చెనిక్కాయలు ఎండబోసేది అయిపాయనా? అయితే రవ్వంత గోడకాడికి రా. అన్న కారు కొంటాడంట గదా, అల్లుడు రాత్రి చెప్పిపోయె. షోరూమోళ్లు ఇచ్చిన ఆ రంగుల కాగితాలు కూడా తెచ్చి ఇటియ్యి. కండ్లద్దాలు పెట్టుకోని చదివే ఓపిక నాకుండాది, అన్నకు ఉండదు.

ఆ, ఇదే నేను చెప్పేది. హెచ్‌టీఈ అంట, హెచ్‌టీకే అంట, హెచ్‌టీకే ప్లస్ అంట, హెచ్‌టీఎక్స్ అంట, జీటీఎక్స్ ప్లస్ అంట, ఎక్స్ లైన్ అంట. కొన్నిటి పక్కన బ్రాకెట్లో ఓ, కొన్నిటి పక్కన ఏ. ఇవన్నీ ఒకే కారుకు పెట్టిన పేర్లు. దాంట్లో మళ్లా ఇంజన్లు మూడు రకాలు. గేర్లు మామూలువి ఉండాయి, వాటంతట అవే పడేవి ఉండాయి, క్లచ్చు లేకుండా గేరు మాత్రం మనమే వేసేది ఇంకొకటి. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో చేసే బండి వదినా ఇది! 2019 నుంచి మన కండ్లముందరే తయారై పోతాండాది. 2023 జూలైకంతా పది లక్షల కార్లు చేసినారు ఆ కియా ఫ్యాక్టరీలో. ఫ్యాక్టరీ పక్కన ఉండే మనకే పేర్లు నోరు తిరక్కపోతే, యాడో బీహారులో ఉండేవాడి గతేమి?

మాది ఏ కంపెనీ బండో దాని పేరెత్తను లే. ఎవురినీ ఆడిపోసుకునేదానికి కాదు నేను చెప్పేది. అట్లాంటిది అన్ని కంపెనీలోళ్లూ చేస్తాండారు. 1197 సీసీ పెట్రోలు, ఎనభై పైన గుర్రాలని అచ్చేసినారు. ఊర్లో తిరిగినన్ని దినాలు బంగారం మాదిరే ఉండె. కొండకు పోయినప్పుడు తెలిసె దాని సంగతి. ఐదుమందిమి, డిక్కీలో ఓళిగల డబ్బా, గుడ్డల బ్యాగులు, మా అత్త చక్రాల కుర్చీ. ఘాటు మొదలయ్యే తలికి మూడో గేర్లో గుంజలేక రెండో గేరు, రెండో గేర్లో అరుపు. మీ అన్న గమ్మున ఏసీ ఆపేసె. వెనక నుంచి మా అత్త, "ఏసీ కారని పిల్చుకొచ్చి ఉడకబెడ్తాండారే నన్ను" అనె. ఇరవై ఎనిమిది నిమిషాల కన్నా ముందే పైకి ఎక్కితే దేవస్థానమోళ్లు పట్టుకుంటారు గదా, మాకు ఆ భయం రవ్వంత కూడా లేకపాయ.

ధర్మవరం దావలో ఇంగా అధ్వానం. ముందర చెనిక్కాయ కట్టె వేసుకోని ట్రాక్టరు, దాని ముందర బస్సు. దాటల్లంటే మొదట ఎదురుగా చూడల్ల, గేరు తగ్గియ్యల్ల, ఏసీ ఆపల్ల, దేవునికి దండం పెట్టల్ల. హైవే మీద ఒకసారి కొత్త కార్లు మోసుకుపోయే ఆ పొడుగు లారీ వెనక ఇరుక్కుంటిమి. దాని పైన బొమ్మల కొలువు మాదిరి కార్లు నిలబెట్టుకోని అది పోతాంది, మా కారు దాన్ని దాటలేక వెనకనే పోతాంది. మీ అన్న మొగం చూసుండల్ల నువ్వు.

అల్లుడు విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు గదా, వాడినే అడిగితి: ఎనభై గుర్రాలుంటే ఒక్క కొండ ఎక్కేదానికి ఇంత ఆయాసమేంటికిరా అని. వాడు చెప్పిన లెక్క నీకు చెప్పినాడో లేదో, విను. వడ్ల మూట 75 కేజీలు గదా. ఆ మూటను ఒక్క సెకండులో ఒక మీటరు పైకెత్తే సత్తువ ఒక గుర్రం. కాగితంలో ఉండే ఎనభై గుర్రాలూ నిజమే, అబద్ధం కాదు. కానీ అవన్నీ ఒకేసారి లేచి నిలబడేది ఇంజను నిమిషానికి ఆరువేల సుట్లు తిరిగినప్పుడు. మనం ఆరువేలు యాడ తిప్పుతాం? రెండువేలు దాటితేనే మైలేజీ పాయెనని మీ అన్న గేరు మార్చేస్తాడు. ఆ రెండువేల కాడ ఎనభైలో ముప్పై చిల్లర మాత్రమే పని చేస్తాంటాయంట. దాంట్లోనే నాలుగైదు ఏసీకి పోతాయి. మిగిలిన వాటితో మా అత్త, ఆమె కుర్చీ, ఓళిగల డబ్బా కొండెక్కల్ల.

ఇంగా ఒకటి చెప్పె వాడు, అది విని నాకు కండ్లు తెరుచుకునె. కియావాళ్ల సెల్టోస్ బండినే తీసుకో. 2019 ఆగస్టులో వచ్చినప్పుడు మామూలు పెట్రోలు ఇంజనుకూ 115 గుర్రాలే, డీజిలుకూ 115 గుర్రాలే. మనమేమనుకుంటాం? రెండూ సమానమే అనుకుంటాం. కానీ పెట్రోలుది చక్రాన్ని తిప్పే బలం 144 న్యూటన్ మీటర్లు, అదీ 4500 సుట్ల కాడ. డీజిలుది 250, అదీ 1500 నుంచే మొదలు. రెండువేల కాడ గుణించి చూస్తే డీజిలు 71 గుర్రాలతో లాగుతుంది, పెట్రోలు ఎంత గింజుకున్నా 41 దాటదు. కాగితంలో కవలపిల్లలు, రోడ్డు మీద ఒకరు రెండో వాళ్లను ఎత్తుకోని పోయేటంత తేడా! నీ తమ్మునికి స్విఫ్ట్ డీజిలు ఉండె గదా, 1248 సీసీది. దాని గుర్రాలు 75 మాత్రమే. కానీ రెండువేల కాడ 190 న్యూటన్ మీటర్లు, అంటే 54 గుర్రాలు ఆడనే ఉండాయి. అందుకే వాడు ఏడుమందిని కుక్కుకోని కదిరికి పోయినా కిక్కురుమనకుండె అది. మా ఎనభై గుర్రాల బండి దాని పక్కన నిలబడల్లంటే తల దించుకోవల్ల.

ఆ డీజిలు స్విఫ్టు ఇప్పుడు దొరకదు వదినా. 2020 ఏప్రిల్లో బీఎస్-6 నియమం వచ్చె. చిన్న డీజిలు పొగను శుభ్రం చేసేదానికి పెట్టే ఖర్చు గిట్టదని మారుతీవాళ్లు డీజిలునే వదిలేసిరి. పొగ తగ్గేది మంచిదే, నేను కాదన్ను. కానీ లాగే బండి పోయి, అరిచే బండి వచ్చె మన తావకు. పవరు చాలదు, పికప్పు చాలదు అని టీ అంగడికాడ మనోళ్లు గొణిగేది ఈ కింది బలం గురించే. నూటయాభై స్పీడులో ఎవురు పోతారు ఈడ? నాలుగు వరసల హైవే మీద కూడా కార్లకు వందే హద్దు. మనకు కావాల్సింది ముప్పై నుంచి డెబ్భై దాకా నిమ్మళంగా, అరవకుండా ఎక్కే బండి. అంతే.

మరి అన్ని కంపెనీలోళ్లూ అదే 1197, అదే 1199 ఏంటికి చేస్తాండారని అడుగుతాండావా? మంచి ప్రశ్న. అది ఇంజనీర్ల లెక్క కాదు, పన్నుల లెక్క. 2006 బడ్జెట్లో చిన్న కారుకు సుంకం 24 శాతం నుంచి 16కు తగ్గించిరి. చిన్న కారంటే ఏందంటే పొడుగు నాలుగు మీటర్ల లోపల, పెట్రోలయితే 1200 సీసీ, డీజిలయితే 1500 సీసీ దాటకూడదు. ఆ గీత గీసినప్పటినుంచి మన దేశంలో చానా కార్లు దాని ముందరనే వచ్చి ఆగుతాండాయి. సోనెట్ పొడుగు ఎంతనుకున్నావు? 3995 మిల్లీమీటర్లు. బ్రెజా? అదీ 3995. అయిదు మిల్లీమీటర్లు మిగిలిచ్చినారు, పాపం. మిల్లీమీటర్లు మిగిలిచ్చినట్ల సీసీలు కూడా మిగిలిచ్చినారు.

జీఎస్టీ వచ్చినాక చిన్న పెట్రోలు కారుకు సెస్సుతో కలిపి 29 శాతం, దానికి మీదిదానికి 45. తేడా 16. మొన్న 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నదానికి 18, మిగతావాటికి 40. ధరలు రెంటికీ దిగినాయి, సంతోషమే. కానీ తేడా 16 నుంచి 22 అయిపాయ. అంటే రవ్వంత ఎచ్చు సత్తువ కావాలని గీత దాటినోళ్లకూ దాటనోళ్లకూ మధ్య అగాధం ఇంగా పెద్దదాయ. నన్నడిగితే గీత గీయాల్సింది ఇంజను సైజుకు కాదు, వదిలే పొగకు. టర్బో పెట్టిన 998 సీసీ బండికి 120 గుర్రాలుంటాయి, అది చిన్న కారే. టర్బో లేని 1462 సీసీ బ్రెజా పెట్రోలుకు అంత సత్తువ లేదు, అయినా అది పెద్ద కారు. ఇదేం న్యాయమొదినా?

ఈ పన్ను మార్పులో ఒక మంచి కూడా ఉండాది, అది ఎవురూ మాట్లాడ్తాండలేదు. ముందు 1500 సీసీ దాటిన పొడుగు ఎస్‌యూవీలకు 50 శాతం ఉండె. అందుకే 1493, 1497 అని గీత కిందనే కూర్చునేటివి. ఇప్పుడు నాలుగు మీటర్లు దాటిన బండికి 1500 అయినా, 1800 అయినా 40 శాతమే. పన్ను భయం పోయినాక పెద్ద ఇంజను ఇచ్చేదానికి అడ్డమేముందని అల్లుణ్ని నిలదీస్తి. మైలేజీ నియమం ఉండాదత్తా అనె. ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి పొగకు సగటు కట్టి కొలుస్తారంట, ఆ కొలత విడతవిడతకూ బిగుసుకుపోతాందంట. సరే, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునేది మనకు కొత్తా?

ఇంగ ఆ పేర్ల సంత సంగతికి వస్తా. ధర్మవరంలో పట్టుచీర కొనేదానికి పోతాం గదా. మంచి పట్టు కావల్ల, జరీ తక్కువైనా పర్వాలేదు అంటే అంగడాయన చూపిస్తాడు. అట్ల కాకుండా, "మంచి పట్టు కావాలంటే ఈ పెద్ద జరీ అంచు, ఈ రాళ్ల పని, ఈ వెల్వెట్ పెట్టె, అన్నీ కలిపే తీసుకోవల్ల" అంటే ఏమంటావు? లేచి వచ్చేస్తావు. కార్లోళ్లు చేసేది అచ్చం అదే. 2019లో సెల్టోస్‌కు 140 గుర్రాల టర్బో ఇంజను ఉండె. అది జీటీ లైన్ అనే పై వరసలోనే. సోనెట్‌కు 2020లో ఆ 120 గుర్రాల టర్బో ఇచ్చినారు, కింది మెట్లలో ఇయ్యలేదు. 2023లో సెల్టోస్‌కు 160 గుర్రాలది వచ్చె, దాంట్లో మామూలు క్లచ్చు గేరు లేదు. గుర్రాలు కావాలంటే పెద్ద టీవీ కొనల్ల, మెత్త సీట్లు కొనల్ల, సన్‌రూఫ్ కొనల్ల. సన్‌రూఫ్! అనంతపురం ఎండలో! నెత్తిన తుండుగుడ్డ లేకుండా బయటికి పోని ఊర్లో, డబ్బు కట్టి నెత్తిమీద కిటికీ పెట్టించుకోవల్ల! మా పక్కింటోళ్ల బండికి ఉండాది జూడు, దానికి లోపల అట్ట అడ్డం పెట్టుకోని తిరుగుతాండారు.

అల్లుడు వాళ్లను వెనకేసుకొస్తాడు. ఇన్ని రకాలు చేసినా ఫ్యాక్టరీకి కష్టం లేదంట. ప్రతి బాడీకి ఒక బార్‌కోడు ఉంటుందంట, అది చూసి దీనికి ఏ సీటు, ఏ దీపం, ఏ ఇంజను అని వరసలో అందిస్తారంట. ఎర్ర కారు వెనక తెల్లది, డీజిలు వెనక పెట్రోలు ఒకే లైనులో పోతాంటాయంట. వాళ్లకు కష్టం లేదు సరే, మనకు? 2023లో ఆ సెల్టోస్ పదకొండు లక్షల లోపల మొదలై ఇరవై లక్షల అంచుదాకా పోయె. ఆ నడుమ అంతా మెట్లే. అన్న పన్నెండు అనుకోని పోతాడు. ఇంకో నలభై వేలు వేస్తే అది వస్తుంది సార్ అంటాడు షోరూము పిల్లోడు. ఆ మెట్టు ఎక్కినాక ఇంకో అరవై వేలు వేస్తే ఇది. మెట్లు దగ్గర దగ్గరగా కట్టేది అందుకే, కాలు నొప్పి తెలియకుండా ఎక్కల్ల. దిగినాక చూసుకుంటే దుడ్లు పదహారు లక్షలు, ఇంజను మాత్రం కింది మెట్టులోదే. మళ్లా దీపం పగిలితే మెకానిక్ అడుగుతాడు: ఏ వేరియంటు? ఒక్కోదానికి ఒక్కో దీపం. అమ్మబోతే బ్రోకరు అడుగుతాడు, ఓ ఉండేదా, లేనిదా అని.

నేను అల్లుణ్ని ఒక మాట అడిగితి, వాడి తావ జవాబు లేకపాయ. ఒకప్పుడు ఎయిర్‌బ్యాగులు కూడా పై మెట్టుకే ఎచ్చు ఇచ్చేవాళ్లు. 2022లో సెల్టోస్‌కు అన్ని మెట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టేసిరి. ప్రాణం కింది మెట్టోనికీ ఒకటే అని ఒప్పుకున్నట్టే గదా. బస్సును దాటేటప్పుడు ఎదురుగా లారీ వస్తాంటే, బ్యాగు విచ్చుకునేదానికన్నా ముందు ఆదుకునేది ఇంజనే. మరి దాన్నేంటికి సన్‌రూఫ్‌కు కట్టేస్తారు?

డల్లాస్‌లో ఉండే మా తమ్ముని కొడుకుతో ఫోన్లో ఇదే చెప్తే వాడు నవ్వె. వాడు టయోటా క్యామ్రీ కొన్నాడు, 2025 మోడలు. ఆడ మెట్లు నాలుగే: ఎల్ఈ, ఎస్ఈ, ఎక్స్ఎల్ఈ, ఎక్స్ఎస్ఈ. అన్నిట్లోనూ ఒకే 2.5 లీటర్ల హైబ్రిడ్ ఇంజను, 225 గుర్రాలకు తక్కువ లేదు. కింది మెట్టు కొన్నా అదే, మీదిది కొన్నా అదే. సీట్లు, సోకులు మాత్రం వేరే. ఇది గదా పద్ధతి!

ఏమంటివి? అంబాసిడర్ దినాలే మేలంటావా? వద్దులే తల్లీ. అంబాసిడరు, ఫియట్టు, దాదాపు ఈ రెండే ఉండె మనకు. పేర్ల గోల లేదు నిజమే, కానీ దుడ్లు కట్టి ఏండ్ల తరబడి ఎదురు చూడల్ల. అంబాసిడరుకు 1489 సీసీ అని పేరు, ఘాటులో రేడియేటరు ఉడికి నిలబడిపోతే నీళ్లు పోసేదానికి బిందె తీసుకోని మనమే పరిగెత్తల్ల. 1983లో మారుతీ 800 వచ్చినప్పుడు పోయె ఆ బిందె బాధ. 796 సీసీ, ఏసీ ఉండేది, ఏసీ లేనిది. రెండు మాటల్లో బేరం అయిపోయేది. ఆ సుమో ఒకటి ఉండె, సినిమాల్లో మన హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ గాల్లోకి లేపేది. నిజంగా ఎగిరేది కాదు గానీ, పదిమందిని వేసుకోని దిన్నెలెక్కేది.

ఇంజన్లంటే జ్ఞాపకం వచ్చె. 2025లో పేపర్లో చూస్తివి గదా, ఆ కియా ఫ్యాక్టరీలో అయిదేండ్లలో దాదాపు 900 ఇంజన్లు మాయమైనాయని పెనుకొండ పోలీసుల కాడ ఫిర్యాదు ఇచ్చినారు. తొమ్మిది వందలు! గుండుసూదులు కావవి, ఒక్కోటి ఎత్తల్లంటే నలుగురు కావల్ల. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. నాకు మాత్రం ఆ పేపరు చదివినప్పుడు, గుర్రాల కోసం ఏడ్చేది మనమొక్కరమే కాదులే అనిపించె. నవ్వొద్దు, అన్న వినే దూరంలో ఉండాడు.

కరెంటు కారా? అదీ అడిగితి నేను. 2025 జూలైలో క్యారెన్స్ క్లావిస్ ఈవీ అని ఎర్రమంచిలోనే చేసి దించిరి. 255 న్యూటన్ మీటర్లు, అదీ సున్నా నుంచే. తొక్కినామంటే రెండువేల దాకా ఎదురుచూసే పనే లేదు. కొండలకు అదే మందు. కానీ పద్దెనిమిది లక్షల కాడ మొదలు. దాంట్లోనూ చిన్న బ్యాటరీకి 135 గుర్రాలు, పెద్ద బ్యాటరీకి 171. పెద్దది కావాలంటే మళ్లా మెట్లెక్కల్ల! ఆ బుద్ధి పోదు వాళ్లకు. పైగా కొండ కింద, దావలో ఛార్జింగు యాడ పెట్టల్ల అనేది అన్న తేల్చుకోవల్ల. ఇంట్లో నుంచి పుట్టపర్తి, ధర్మవరం తిరిగేదానికయితే నేను అదే కొనమంటా.

పెట్రోలే కావాలంటాడా? అయితే అన్నకు ఇది చెప్పు. షోరూములో గుర్రాలు ఎన్ని అని అడగొద్దు. రెండువేల సుట్ల కాడ తిప్పే బలం ఎంత, అది ఎన్ని సుట్ల నుంచి మొదలవుతుంది అని అడగల్ల. ఆ పిల్లోనికి తెలియకపోతే లోపలికి పోయి కనుక్కోని రమ్మను. తర్వాత ఆ ఇంజను ఉండే అన్నిటికన్నా చౌక మెట్టు ఏదో దానిమీద వేలు పెట్టు, మీదికి రానియ్యొద్దు. ఇంగ బండి తోలి చూసేటప్పుడు వాళ్లు ఒక్కరినే కూర్చోబెట్టి చదును రోడ్డులో ఒక సుట్టు తిప్పి తెస్తారు. దానికి ఒప్పుకోవద్దు. నిండా ఐదుమంది కూర్చోని, ఏసీ పెట్టి, ఎత్తుండే తావకు తోలుకపొమ్మనల్ల. శనివారం కదా పోయేది? నువ్వు, అన్న, అల్లుడు, నేను నలుగురమైతిమి. ఐదో మనిషికి మా అత్తను పిల్చుకొస్తా. ఏసీ ఆపితే ఆమె ఊరుకోదు, అది షోరూమోళ్లకూ తెలియనీ. కుర్చీ కూడా డిక్కీలో వేస్తాం, తొమ్మిదికంతా తయారుగా ఉండు.